టైమింగ్ బెల్టు, యాక్సిల్: పాత కారు కొనేవారికి ఒక పాఠం



మన హాస్టల్లో చదివి బయటికి వెళ్ళినవారిలో ఉద్యోగస్తులు ఉన్నారు, సేద్యం చేసేవారు ఉన్నారు, టాక్సీ నడిపి ఇల్లు గడుపుకునేవారూ ఉన్నారు. కొత్త కారు కొనే స్తోమత అందరికీ ఉండదు. కావున చేతిలో కొంత, అప్పు కొంత పెట్టి సెకండ్ హ్యాండ్ కారు కొంటారు. కొనేటప్పుడు చాలామంది రంగు చూస్తారు, టైర్లు చూస్తారు, సీటు కవర్లు చూస్తారు, ఏసీ వేసి చూస్తారు. బండిని నిలబెట్టే రెండు వస్తువులను మాత్రం చూడరు. ఒకటి ఇంజన్ పక్కన మూత కింద తిరిగే పళ్ళ బెల్టు. రెండోది చక్రాన్ని తిప్పే యాక్సిల్. ఈ రెండూ బాగా లేకపోతే అప్పు తీరకముందే బండి షెడ్డుకు చేరుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే. అందుకే ఈ రెండింటి గురించి తెలుసుకుందాం.

టైమింగ్ బెల్టు అంటే ఏమిటి?

కారు ఇంజన్ నాలుగు దశల్లో పనిచేస్తుందని సైన్సు పాఠంలో చదువుకున్నాం. గాలిని లోపలికి పీల్చడం, దాన్ని నొక్కడం, మండించడం, పొగను బయటికి తోయడం. ఈ నాలుగు దశలు పూర్తి కావడానికి క్రాంక్ షాఫ్టు రెండుసార్లు తిరుగుతుంది. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు ఒకసారే తిరుగుతుంది. అందుకే క్రాంక్ పుల్లీకి ఎన్ని పళ్ళు ఉంటే క్యామ్ పుల్లీకి సరిగ్గా దానికి రెట్టింపు ఉంటాయి. ఈ రెండింటినీ లెక్క తప్పకుండా కలిపి తిప్పేదే టైమింగ్ బెల్టు.

చిన్న లెక్క చేద్దాం. ఇంజన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతోంది అనుకోండి. అప్పుడు క్యామ్ షాఫ్టు 1500 సార్లు, అనగా సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ క్షణంలో పిస్టన్ కూడా అదే చోటికి వచ్చి పోతుంటుంది.

మన మెస్ తలుపును గుర్తు తెచ్చుకోండి. గంట కొట్టిన ప్రకారం ఒక బ్యాచ్ బయటికి వచ్చాక రెండో బ్యాచ్ లోపలికి పోతే ఏ ఇబ్బందీ లేదు. గంట తప్పితే ప్లేట్లు పట్టుకున్న రెండు గుంపులూ ఆ ఇరుకు తలుపు దగ్గర ఢీకొంటాయి. ఇంజన్లో ఆ గంట కొట్టేది టైమింగ్ బెల్టే. బెల్టు తెగితే క్యామ్ ఆగిపోతుంది. తెరిచి ఉన్న వాల్వులు తెరిచినట్టే నిలిచిపోతాయి. పిస్టన్ మాత్రం వేగంతో పైకి వచ్చి వాటిని గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టన్ పగులుతుంది. డీజిల్ ఇంజన్లో పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ కాబట్టి ఈ నష్టం దాదాపు తప్పదు. కొన్ని పెట్రోలు ఇంజన్లలో వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య చోటు ఉంటుంది. వాటిలో బెల్టు తెగితే బండి ఆగుతుందే తప్ప ఇంజన్ పాడు కాదు.

పళ్ళ బెల్టును మొదట అమెరికాలో 1940లలో కుట్టుమిషన్ల కోసం తయారు చేశారు. 1960ల మొదట్లో జర్మనీలో గ్లాస్ కంపెనీ దాన్ని కారు ఇంజన్‌కు వాడింది. బరువు తక్కువ, చప్పుడు తక్కువ, ఆయిల్ అక్కర లేదు. అందువల్ల ప్రపంచమంతా వ్యాపించింది.

ఏ కారులో బెల్టు, ఏ కారులో చైను?

ఇది ముందుగా తెలుసుకోవాలి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లోనూ, ఓమ్నీలోనూ, పాత జెన్‌లోనూ బెల్టే. 1998లో వచ్చిన హ్యుందాయ్ శాంత్రోలో బెల్టు. అదే ఏడాది చివర వచ్చిన టాటా ఇండికా డీజిల్‌లో బెల్టు. 2005లో వచ్చిన మొదటి ఇన్నోవా డీజిల్‌లో బెల్టు. 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా డీజిల్‌లో చైను. స్విఫ్ట్ డిజైర్ 1.3 డీజిల్‌లో, ఎటియోస్‌లో చైను. ఆల్టో పేరు ఒకటే అయినా ఆల్టో 800లో బెల్టు, ఆల్టో కె10లో చైను.

చైను ఉన్న బండికి "టైమింగ్ బెల్టు మార్చాం" అని ఎవరైనా బిల్లు చూపిస్తే అనుమానించండి. చైనుకు కూడా చావు లేదని అనుకోకండి. ఇంజన్ ఆయిల్ వేళకు మార్చకపోతే చైను సాగుతుంది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ పక్క నుంచి గలగల శబ్దం వస్తే అది సాగిన చైను గుర్తు కావచ్చు.

బెల్టును పరీక్షించడం

సాధారణంగా బెల్టు ఆయుష్షు 60 వేల నుంచి 1 లక్ష కిలోమీటర్లు, లేదా 4, 5 ఏళ్ళు. ఏది ముందు వస్తే అది. కొన్ని బండ్లకు ఇంకా ఎక్కువ ఉంటుంది. సరైన అంకె బండి పుస్తకంలో ఉంటుంది. బండి తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. తిరుపతిలో మే నెల ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఆ వేడికి ఇంజన్ వేడి తోడవుతుంది. కావున కిలోమీటర్లు తక్కువ చూపించే పదేళ్ళ బండిని చూసి మురిసిపోవద్దు.

ఇంజన్ ఆపి, చల్లారిన తర్వాత పై మూత బోల్టులు విప్పి టార్చి లైటుతో ఈ కింది వాటిని చూడాలి.

1. బెల్టు మీద, పళ్ళ మొదళ్ళలో పగుళ్ళు ఉన్నాయా?
2. పళ్ళు ఊడిపోయాయా, అరిగిపోయాయా?
3. అంచుల్లో దారాలు లేచాయా? ఉంటే పుల్లీ వంకరగా తిరుగుతోందని అర్థం.
4. బెల్టు వీపు అద్దంలా మెరుస్తోందా? అది వేడికి గట్టిపడింది.
5. ఆయిల్ మరకలు ఉన్నాయా? ఆయిల్ రబ్బరుకు శత్రువు. ఎక్కడో సీలు కారుతోంది.

ఇవేవీ లేకపోయినా బెల్టు బాగుందని చెప్పలేం. ఇప్పటి బెల్టుల రబ్బరు పైకి నున్నగా ఉండి లోపలి దారాలు తెగుతూ వస్తాయి. రీడింగ్‌ను కూడా నమ్మలేం, మీటరు వెనక్కి తిప్పేవారు ఉన్నారు. పాత ఇన్నోవాలో బెల్టు గడువు రాగానే టి-బెల్ట్ అనే దీపం వెలుగుతుంది. బెల్టు మార్చకుండానే ఆ దీపాన్ని ఆర్పవచ్చు. అందువల్ల ఒకే సూత్రం పెట్టుకోండి: తేదీ, రీడింగ్ రాసిన బిల్లు లేకపోతే బెల్టు మార్చలేదనే లెక్క. ఆ ఖర్చును కారు ధరలోంచి తగ్గించమని అడగండి.

బెల్టు మార్చే పద్ధతి

ఇది నేర్చుకున్న చేతితో చేయవలసిన పని. కాని యజమానికి వరుస తెలిసి ఉంటే పని సరిగా జరుగుతోందో లేదో కనిపెట్టవచ్చు.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. బండిని జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి ఎవరూ దూరకూడదు. డైనమో, ఏసీ బెల్టులు, క్రాంక్ పుల్లీ, మూతలు వరుసగా విప్పాలి. క్రాంక్ బోల్టుకు పానా వేసి, ఇంజన్ తిరిగే దిక్కుకే తిప్పుతూ ఒకటో సిలిండర్ పిస్టన్‌ను పైకి తేవాలి. అప్పుడు క్రాంక్ గుర్తు, క్యామ్ గుర్తు తమ తమ స్థానాల్లో నిలుస్తాయి. పాత డీజిల్ ఇంజన్లలో డీజిల్ పంపు కూడా ఈ బెల్టు మీదే తిరుగుతుంది. దాని గుర్తును కూడా కలపాలి.

తర్వాత టెన్షనర్ వదులు చేసి బెల్టు తీయాలి. తీశాక క్యామ్‌ను గాని క్రాంక్‌ను గాని తిప్పకూడదు. టెన్షనర్ బేరింగును చేతితో తిప్పి చూడాలి. గరగరమంటే కొత్తది వేయాలి. బెల్టు కొత్తదైనా బేరింగు బిగుసుకుపోతే బెల్టు తెగుతుంది. కాబట్టి రెండూ కలిపి మార్చడమే మంచిది. క్యామ్ సీలు, క్రాంక్ సీలు కారుతుంటే ఇప్పుడే మార్చాలి. రెనో డస్టర్ డీజిల్ వంటి వాటిలో నీళ్ళ పంపు కూడా ఇదే బెల్టుతో తిరుగుతుంది. అటువంటి బండిలో పంపును కూడా ఇదే చేతితో మార్చితే రెండోసారి కూలీ తప్పుతుంది.

కొత్త బెల్టును మడవకూడదు, మెలి తిప్పకూడదు, ఆయిల్ చేతులతో పట్టుకోకూడదు. టెన్షనర్ లేని వైపు బిగువుగా ఉండేలా ఎక్కించి, వదులంతా టెన్షనర్ వైపు రానివ్వాలి. బిగువు సరిచేశాక క్రాంక్‌ను పానాతో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూడాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలం ఉపయోగించకూడదు. వాల్వు పిస్టన్‌కు తగులుతోందని అర్థం. సెల్ఫ్ కొట్టడం ఈ పరీక్ష ముగిసిన తర్వాతే. ఈ రెండు చుట్లు తిప్పని మెకానిక్ చేత ఆ పని చేయించవద్దు.

యాక్సిల్ సంగతి

మారుతి 800, ఆల్టో, శాంత్రో, ఇండికా, డిజైర్ వంటి కార్లలో ముందు చక్రాలే బండిని లాగుతాయి. అవే మలుపు కూడా తిరగాలి. తిరుగుతూనే వంగగలిగే కీలు కావాలి. దాన్నే సీవీ జాయింటు అంటారు. ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు 1920లలో ఉక్కు గుండ్లతో ఇటువంటి జాయింటును తయారు చేశాడు. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారుతో అది సామాన్యుల కార్లలోకి వచ్చింది. ప్రతి యాక్సిల్‌కు చక్రం వైపు ఒకటి, గేర్‌బాక్సు వైపు ఒకటి, మొత్తం రెండు జాయింట్లు ఉంటాయి. వాటి మీద గ్రీజు నింపిన రబ్బరు బూటు ఉంటుంది.

జాయింటు చావు సాధారణంగా బూటుతోనే మొదలవుతుంది. బూటు చినిగితే గ్రీజు బయటికి, దుమ్ము నీళ్ళు లోపలికి పోతాయి. గుండ్లు అరుగుతాయి. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మిన మరకలు ఉంటే చాలు, బూటు పోయిందని చెప్పవచ్చు. చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, బూటు మడతలను వేళ్ళతో విప్పి చూడండి.

తర్వాత ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి మెల్లగా ఒక చుట్టు, కుడికి తిప్పి ఒక చుట్టు వేయండి. టకటకమని శబ్దం వస్తే చక్రం వైపు జాయింటు అరిగింది. నేరుగా పోతూ ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి వణికితే లోపలి జాయింటును అనుమానించాలి. శబ్దం లేకుండా బూటు మాత్రమే చినిగితే జాయింటు కడిగి, కొత్త గ్రీజు, కొత్త బూటు వేస్తే సరిపోతుంది. శబ్దం మొదలయ్యాక బూటు మార్చి లాభం లేదు.

యాక్సిల్ మార్చేటప్పుడు చక్రం మధ్య ఉన్న పెద్ద నట్టును బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి. తర్వాత లేపి, స్టాండ్లు పెట్టి, గేర్ ఆయిల్ దించి, కింది బాల్ జాయింటు విడదీసి, హబ్బును పక్కకు లాగి యాక్సిల్ బయటి కొనను వదిలించాలి. లోపలి కొనను బారుతో ఎత్తి తీయాలి. షాఫ్టు పట్టుకుని లాగితే లోపలి జాయింటు విడిపోతుంది. గేర్‌బాక్సు ఆయిల్ సీలు కొత్తది వేసి, కొత్త యాక్సిల్‌ను లోపలి రింగు 'టక్' మని పడేదాకా నెట్టాలి. సెంటర్ నట్టు కొత్తది వేసి, పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. చివర గేర్ ఆయిల్ నింపడం మరువరాదు.

ఇన్నోవా, ఓమ్నీ వంటి బండ్లకు వెనక చక్రాలు లాగుతాయి. వాటిలో వెనక చక్రం లోపలి వైపు ఆయిల్ తడి ఉందేమో చూడాలి. యాక్సిల్ సీలు కారితే ఆయిల్ బ్రేకు లైనర్ల మీద పడి ఆ చక్రానికి బ్రేకు పట్టదు. వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే శబ్దం బేరింగుది.

ఘాట్ రోడ్డులో జాగ్రత్త

మన ప్రాంతపు బండ్లకు ఇది ముఖ్యం. తిరుమలకు ఎక్కే దారి వేరు, 1944 నాటి పాత ఘాట్ మీదుగా దిగే దారి వేరు. చిత్తూరు నుంచి పలమనేరు పోవాలంటే మొగిలి ఘాట్, తిరుపతి నుంచి మదనపల్లె పోవాలంటే భాకరాపేట ఘాట్ ఉన్నాయి. నిండా జనంతో, తిప్పిన చక్రంతో, తక్కువ గేరులో ఎక్కడమంటే యాక్సిల్‌కు పరీక్షే. దిగేటప్పుడు బెల్టు తెగితే ఇంజన్ ఆగుతుంది. రెండు మూడుసార్లు తొక్కాక బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు లేకుండా పోదు, కాని బలమంతా పెట్టి తొక్కాలి. మాటిమాటికి తొక్కి వదలక, ఒకే పట్టుగా తొక్కి బండిని కొండ వైపు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రానికి రాయి పెట్టండి. ఆగిన ఇంజన్‌తో న్యూట్రల్‌లో కిందికి దొర్లించవద్దు. సెల్ఫ్ మామూలు కంటే తేలిగ్గా, వేగంగా తిరుగుతుంటే బెల్టు తెగినట్టే. మళ్ళీ మళ్ళీ కొట్టకుండా బండిని కట్టి లాగించండి.

చదువుకునే తమ్ముళ్ళకు ఒక మాట. పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్ళు ఉంటుంది. దాన్ని తక్కువ చదువుగా చూడవద్దు. 2022లో తిరుమల ఘాట్ మీద ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. వాటికి టైమింగ్ బెల్టు లేదు, కాని యాక్సిల్ ఉంది, బేరింగు ఉంది, బ్రేకు ఉంది. బండి మారినా, ఎందుకు పాడైందో ఆలోచించి చెప్పగలిగిన మెకానిక్‌కు పని దొరుకుతూనే ఉంటుంది.

పూర్వ విద్యార్థులు ఈసారి బండి బానెట్ ఎత్తినప్పుడు బెల్టు మార్చిన తేదీ, రీడింగ్ ఒక కాగితం మీద రాసి మూతకు అంటించండి. రేపు మీ బండి కొనేవాడు కూడా మనలాంటి ఒక ఇంటి బిడ్డే అయి ఉంటాడు.