రాక్షసుణ్ణి కుంపట్లోకి తన్నాలంటే ఎన్ని పాచికలు వేయాలి?

పాత కోటలో ఒక విందు మందిరం. పైకప్పు నుంచి పెద్ద దీపాల గుత్తి వేలాడుతోంది. కింద కణకణలాడే నిప్పులతో కుంపటి, దాని ముందు గద పట్టుకున్న రాక్షసుడు. ఎదురుగా ఉన్న వీరనారికి రెండు దారులున్నాయి. నేరుగా వెళ్లి కత్తితో కొట్టవచ్చు. లేదా దీపాల గుత్తిని పట్టుకుని ఊగుతూ వచ్చి, రాక్షసుడి ఛాతీ మీద తన్ని, వాణ్ణి నిప్పుల్లో పడేయవచ్చు. సినిమా చూసేవారు రెండోదే కోరుకుంటారు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలో మాత్రం అనుభవమున్న ఆటగాళ్లు తరచు మొదటి దారే పడతారు. ఎందుకలా? సమాధానం సంభావ్యతా గణితంలో ఉంది.

ఇలాంటి ఆటలను రోల్ ప్లేయింగ్ గేములు అంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, అది ఏం చేస్తుందో నోటితో చెబుతారు. చుట్టూ ఉన్న లోకాన్ని వర్ణించి, తీర్పు చెప్పేది నిర్వాహకుడు. ఫలితం ఎటు తేలుతుందో తెలియనప్పుడు పాచిక వేస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. ఈ తరహా ఆటల్లో అచ్చయిన మొదటిదిగా దాన్నే లెక్కిస్తారు. దీపాల గుత్తి, రాక్షసుడు, కుంపటి ఉన్న ఉదాహరణ ఆ ఆట నాలుగో కూర్పుకు 2008లో వచ్చిన నిర్వాహకుల పుస్తకంలోనిదే. నిబంధనల్లో లేని పనిని ఆటగాడు తలపెట్టినప్పుడు ఎలా తీర్పు చెప్పాలో అక్కడ వివరించారు.

కొండలు, నదులు, మధ్యవర్తి

చదరంగంలో గళ్లన్నీ సమానమే. ఏ గడిలోనూ బురద ఉండదు, వంతెన ఉండదు. నిజమైన యుద్ధరంగం అలా ఉండదు కదా! 1812లో గియోర్గ్ లియోపోల్డ్ ఫాన్ రైస్‌విట్జ్ ప్రష్యా రాజుకు చూపించిన యుద్ధక్రీడలో కొండలు, నదులు, ఊళ్లు ఉన్న పలకలను బల్ల మీద కావలసినట్టు పేర్చుకోవచ్చు. 1824లో ఆయన కుమారుడు ఆ ఆటను 1:8000 స్కేలు పటాల మీదికి మార్చి, నిబంధనలను పుస్తకంగా తెచ్చాడు. ఆటగాళ్ల ఆదేశాలు ఎంతవరకు ఫలించాయో మధ్యవర్తి పాచికలు వేసి తేల్చేవాడు. 1876లో ప్రష్యా సైనికాధికారి యూలియుస్ ఫాన్ వెర్డీ డ్యు వెర్నువా మరో అడుగు వేశాడు. పట్టికలు, పాచికలు పక్కనపెట్టి, అనుభవమున్న మధ్యవర్తి విచక్షణకే పెద్దపీట వేశాడు.

నిబంధనలు చెప్పినట్టే నడవాలా, పరిస్థితిని చూసి అప్పటికప్పుడు తీర్పు చెప్పాలా అనే ప్రశ్న అప్పటినుంచీ ఉంది. దీపాల గుత్తి పట్టుకుని ఊగాలనుకునే ఆటగాడు ఈనాటి నిర్వాహకుణ్ణి అడిగేదీ అదే.

గుణన సిద్ధాంతం వేసే శిక్ష

ఒక చిన్న లెక్క చూద్దాం. 20 ముఖాల పాచిక మీద 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే కత్తి తగులుతుందనుకుందాం. 20 ముఖాల్లో 12 అనుకూలం కాబట్టి గెలిచే అవకాశం 60 శాతం. తగిలితే శత్రువు ప్రాణబలంలో సగటున 8 పాయింట్లు తగ్గుతాయి. అంటే ఒక్కో వంతుకు సగటు ఫలితం 4.8.

ఇప్పుడు విన్యాసం సంగతి. గుత్తిని సరిగా అందుకుందా అని ఒక పాచిక, తన్ను తగిలిందా అని మరొకటి, రాక్షసుడు తూలిపడ్డాడా అని ఇంకొకటి వేయమంటాడు నిర్వాహకుడు. మూడింటిలోనూ అవకాశం 60 శాతమే అనుకుందాం. ఇవి స్వతంత్ర ఘటనలు కాబట్టి సంభావ్యతలను గుణించాలి. 0.6ను మూడుసార్లు గుణిస్తే 0.216. అంటే ఇంచుమించు ఐదుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి ఫలిస్తుంది. కత్తి దెబ్బతో సమానం కావాలన్నా నిప్పుల వల్ల కనీసం 22 పాయింట్ల నష్టం జరగాలి. రెండు పాచికలతో సరిపెడితే 13 పైచిలుకు చాలు. ఒక్కటే అయితే 8 సరిపోతుంది.

నిర్వాహకుడికి ఆటగాళ్లను నిరుత్సాహపరచాలన్న ఉద్దేశం ఉండదు. ప్రతి దశనూ సహజంగా చూపించాలనే అనుకుంటాడు. కానీ అడిగిన ప్రతి అదనపు పాచికా ఊహ మీద వేసిన పన్నులా మారుతుంది. ఆటగాళ్లు ఈ లెక్కను కాగితం మీద వేయకపోయినా, రెండు మూడుసార్లు చేతులు కాలాక గ్రహిస్తారు. ఆ తర్వాత ఎంత అందమైన మందిరాన్ని వర్ణించినా “కొడుతున్నాను” అన్న మాటే వినిపిస్తుంది.

శిక్షను ప్రోత్సాహంగా మార్చే మార్గాలు

2014లో వచ్చిన ఐదో కూర్పులో ఒక సులువైన పద్ధతి ఉంది. పరిస్థితి అనుకూలంగా ఉంటే ఒకదాని బదులు రెండు పాచికలు వేసి, పెద్ద అంకెను తీసుకోవచ్చు. పై ఉదాహరణలో రెండూ విఫలమయ్యే అవకాశం 0.4ను 0.4తో గుణిస్తే 0.16. అంటే విజయావకాశం 84 శాతానికి పెరుగుతుంది. ఈ లాభం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 50 శాతం అవకాశం 75కు చేరుతుంది. 20 పడితేనే గెలుపు అన్నచోట మాత్రం 5 శాతం 9.75 దగ్గరే ఆగుతుంది. చుట్టూ ఉన్న వస్తువులు సాధ్యమైన పనిని సులువు చేస్తాయి గానీ అసాధ్యాన్ని సాధ్యం చేయవన్న భావన ఇందులో దానంతటదే ఇమిడిపోయింది.

‘డ్రాగన్ ఏజ్’ ఆటది మరో దారి. అక్కడ 6 ముఖాల పాచికలు మూడు వేస్తారు. దెబ్బ తగిలి, వాటిలో ఏ రెండింటి మీదైనా ఒకే అంకె పడితే విన్యాసాలకు పాయింట్లు దక్కుతాయి. మూడింటిలో రెండైనా కలిసే సంభావ్యత 216లో 96, అంటే సుమారు 44 శాతం. ఇక్కడ దెబ్బ తగిలాకే విన్యాసం వస్తుంది కాబట్టి, ప్రయత్నించి నష్టపోయే ప్రమాదం లేదు.

భౌతికశాస్త్రం చేసే సాయం

అప్పటికప్పుడు తీర్పు చెప్పడానికి హైస్కూలు పాఠాలు కూడా పనికొస్తాయి. గుత్తి పట్టుకుని ఊగే మనిషి లోలకంతో సమానం. 3 మీటర్ల ఎత్తు దిగితే వేగం సెకనుకు 7.7 మీటర్లు, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్లు. వీరనారి బరువు 70 కిలోలు, రాక్షసుడిది 300 కిలోలు అనుకుంటే, ఇద్దరూ కలిసి కదిలే వేగం ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం సెకనుకు 1.5 మీటర్లకు కాస్త తక్కువ. అది మామూలు నడక వేగం. కాబట్టి రాక్షసుడు ఎగిరి పడడు, ఒకటి రెండడుగులు వెనక్కి తూలుతాడు. కుంపటి సరిగ్గా వెనకే ఉంటే పని అవుతుంది, గది చివర ఉంటే కాదు.

ఐదో కూర్పులో పై నుంచి పడినప్పుడు ప్రతి 10 అడుగులకూ 6 ముఖాల పాచిక ఒకటి వేసి నష్టం లెక్కిస్తారు. ఎంత ఎత్తయినా 20 పాచికలు దాటవు. స్థితిజ శక్తి కూడా ఎత్తుకు అనులోమానుపాతంలోనే ఉంటుంది కాబట్టి, ఈ నిబంధన ప్రకృతికి మరీ దూరమేమీ కాదు.

నిర్వాహకుడు చేయవలసింది

మొదట, వాడుకోదగ్గ వస్తువులను ముందే స్పష్టంగా వర్ణించాలి. కుంపటి ఉందని తెలియనివారు దాన్ని వాడుకోలేరు. రెండోది, వీలైనంతవరకు ఒకే పాచికతో తేల్చాలి. రెండోది అడిగితే ఫలితాన్ని ఆ మేరకు పెంచాలి. మూడోది, అవకాశం ఒక్కసారికే పరిమితం కావాలి. తెగిపడిన గుత్తి మళ్లీ ఊగదు, ఒలికిన నిప్పులు నేలనే మార్చేస్తాయి. లేకపోతే ప్రతి వంతులోనూ అదే విన్యాసం జరిగి, అదీ కత్తి దెబ్బలాగే విసుగు పుట్టిస్తుంది. నాలుగోది, ఆ నిప్పులు శత్రువులకూ అందుబాటులో ఉండాలి. అప్పుడు ఎక్కడ నిలబడాలన్నదే ఒక నిర్ణయమవుతుంది.

ఆటగాళ్లు కొత్తగా ఆలోచించడం లేదని అనిపించినప్పుడు నిర్వాహకుడు ముందు తన తీర్పులనే గుణించి చూసుకోవాలి. 0.216 కనబడితే, మార్చవలసింది అక్కడే.