శక్తి అక్కది, అసూయ చెల్లెలిదేనా?

హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్ట అపార్ట్‌మెంట్లలో రాత్రి భోజనాల వేళ టీవీ ఆపడం ఎవరి తరమూ కాదు. నానమ్మ సీరియల్ పెడితే పిల్లలూ చూస్తారు. ఆపేయమని నేను చెప్పను. పిల్లల పక్కన మీరూ కూర్చోండి.

2020లో జీ తెలుగులో మొదలై ఏళ్ల తరబడి సాగిన ‘త్రినయని’నే తీసుకుందాం. మూలం బెంగాలీ సీరియల్. జరగబోయే కీడు కథానాయిక నయనికి ముందే కనిపిస్తుంది. కథంతా ఒక ఆడదాని చూపు మీద నడవడం ఆడపిల్లలకు నచ్చుతుంది, నచ్చాలి కూడా. నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఆ శక్తిలో ఎక్కువ భాగం భర్తనూ అత్తింటినీ కాపాడటానికే పోతుంది. తనకంటూ నయని ఏం కోరుకుంటుందో మనకు తెలిసేది తక్కువ. చెల్లెలు సుమన ఏమో ఆస్తి కోసం అక్కతో పేచీ పడుతూ ఉంటుంది. ఓర్చుకునేది మంచిది, అడిగేది చెడ్డది అన్న లెక్క పిల్లల మనసులో ఇలాగే స్థిరపడుతుంది.

“ఆ శక్తి నీకొస్తే మొదట ఏం చేస్తావు?” అని కూతుర్నీ కొడుకునీ ఇద్దర్నీ అడగండి. పాప “నాన్నకు యాక్సిడెంట్ కాకుండా చూస్తా” అని, బాబు “మ్యాచ్ ఎవరు గెలుస్తారో చూస్తా” అని చెప్తే మాత్రం తప్పు సీరియల్ ఒక్కదానిదే కాదు. తిన్న కంచాలు ఎవరు తీస్తున్నారో ఆ రాత్రే గమనించండి. వాటా అడిగిన కూతుర్ని “సుమనలా మాట్లాడకు” అని మాత్రం అనకండి. అడగడం ఆమె హక్కు.

భయం సంగతీ అంతే. సీరియల్లో పాము తెరమీదికొచ్చాక బాత్రూమ్‌కు ఒంటరిగా వెళ్లలేని బాబును “మగపిల్లాడివి, భయమేంట్రా” అంటాం. పాపనైతే దగ్గరికి తీసుకుంటాం. భయం ఇద్దరిదీ ఒకటే. ఆదివారం అమీర్‌పేటలోని మైత్రీవనం వైపు తీసుకెళ్లి, గ్రాఫిక్స్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు చూపించండి. తెరమీది పాములను కంప్యూటర్ ముందు కూర్చుని తయారుచేస్తారని తెలిస్తే భయం చాలావరకు తగ్గుతుంది. సారథి స్టూడియో కూడా అమీర్‌పేటలోనే ఉంది. సెట్టంటే ఏమిటో చెప్పడానికి దాని గేటు చూపినా చాలు.

అక్కడే హాస్టళ్ల మీదుగా నడవండి. ఊరు వదిలి వచ్చి, కోర్సు నేర్చుకుని, ఉద్యోగం వెతుక్కునే అమ్మాయిలు కనిపిస్తారు. తమ్ముడి ఫీజు కట్టే అక్కలు వాళ్లలో ఎందరో. అలాంటి అక్క మీ బంధువుల్లో ఉంటే ఆమె గురించి పిల్లలకు చెప్పండి, ఆమె తనకోసం ఏం కొనుక్కుందో కూడా చెప్పండి. “అక్కను చూసి నేర్చుకో” అని మాత్రం చిన్నదానితో అనకండి. అక్కాచెల్లెళ్ల మధ్య మొదటి చిచ్చు పెట్టేది ఆ మాటే.

సేవ ఒకవైపే సాగడం పండగలోనూ కనిపిస్తుంది. తెలంగాణలో నాగుల పంచమినాడు పుట్టలో పాలు పోసి, అక్కాచెల్లెళ్లు అన్నదమ్ముల కండ్లు పాలతో కడుగుతారు. ఈసారి పండక్కి పాప అన్న కండ్లు కడిగాక, అన్నతో కూడా చెల్లెలి కండ్లు కడిగించండి.