ఎడబాటు భయం: కారణం, చికిత్స

 

ఇసిపతనంలో అయిదుగురు భిక్షువులకు చేసిన మొదటి బోధనలోనే తథాగతుడు దుఃఖం అంటే ఏమిటో విడమరిచి చెప్పాడు. పుట్టుక, ముసలితనం, జబ్బు, చావు. వీటితో పాటే ఇంకొకటి చెప్పాడు, ప్రియమైనవాళ్ళతో ఎడబాటు. ఆ మాట చాలాసార్లు వింటాం గానీ దాని దగ్గర పెద్దగా ఆగం. చావు గురించి మాట్లాడుకున్నంతగా బతికున్న మనుషుల మధ్య ఎడబాటు గురించి మాట్లాడుకోం.

కుసినారలో బుద్ధుడు పరినిర్వాణానికి సిద్ధమవుతున్నప్పుడు ఆనందుడు పక్కకు వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి ఏడ్చాడు. ఎన్నో ఏళ్ళు వెంట ఉండి సేవచేసిన మనిషి, అనిత్యం గురించి అందరికంటే ఎక్కువ విన్న మనిషి. అయినా తట్టుకోలేకపోయాడు. బుద్ధుడు అతన్ని పిలిపించాడు. ఇష్టమైనవాళ్ళతో విడిపోక తప్పదని ముందే చెప్పాను కదా అని గుర్తుచేసి, ఇన్నాళ్ళూ ప్రేమతో చేసిన సేవను మెచ్చుకున్నాడు. ఇన్ని విన్నవాడివి నీకు ఏడుపేమిటని వెక్కిరించలేదు. కాబట్టి ఎడబాటుకు భయపడేవాళ్ళని ధమ్మం అర్థం కానివాళ్ళుగా చూడొద్దు.

అయితే ప్రతి భయమూ జబ్బు కాదు. ఎనిమిది తొమ్మిది నెలల పాప అమ్మ కనబడకపోతే ఏడుస్తుంది. అది ఎదుగుదలలో భాగం, మూడేళ్ళు వచ్చేసరికి చాలామందిలో తగ్గిపోతుంది. ఆ తర్వాతి వయసులో ఈ భయం వారాల తరబడి తగ్గకుండా తిండిని, నిద్రని, బడిని, పనిని పాడుచేస్తుంటే దాన్ని ఎడబాటు ఆందోళన రుగ్మత అంటారు. పిల్లల్లో కనీసం నాలుగు వారాలు, పెద్దవాళ్ళలో సాధారణంగా ఆరు నెలలు ఉందా అని డాక్టర్లు చూస్తారు. అవును, పెద్దవాళ్ళకీ వస్తుంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ పుస్తకాన్ని మార్చి రాసినప్పుడు, ఇది చిన్నతనంలోనే మొదలవ్వాలన్న నిబంధన తీసేసింది. కొడుకు గల్ఫ్ వెళ్ళాక ఫోన్ ఎత్తడం పది నిమిషాలు ఆలస్యమైతే చేతులు వణికిపోయే తల్లిని మీరూ చూసే ఉంటారు.

మన ఇళ్ళల్లో ఇది బాగా కనబడేది గురుకులం దగ్గర. అయిదో తరగతికి సీటు వస్తుంది, పిల్లకి పదేళ్ళు. చదువు కోసం విడిపోవడం మనకి కొత్త కాదు. 1913లో బాబాసాహెబ్ న్యూయార్క్ వెళ్ళారు, 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు, ఆ ఏళ్ళన్నీ రమాబాయి ఇక్కడే కష్టాలు పడింది. ఆ చరిత్ర తెలిసినవాళ్ళం కాబట్టే సీటు వదులుకోవడానికి మనకి ప్రాణం ఒప్పదు. ఆ పట్టుదల మంచిదే. కానీ దాని కింద పిల్ల భయం వినబడకుండా పోతోంది.

సెలవులు అయిపోయే ముందురోజు కడుపునొప్పి, వాంతులు. డాక్టరు చూసి ఏమీ లేదంటాడు. నాటకాలాడుతోందని మనం తిడతాం. అది నాటకం కాదు. మనసులో భయం వొంట్లో నొప్పిగా బయటపడుతుంది, ఆ నొప్పి నిజం. అమ్మకి ఏమైనా అవుతుందేమో, నాన్న బండి మీంచి పడతాడేమో అని రాత్రంతా నిద్ర ఉండదు. ఇంట్లో పెద్దావిడ గాలి సోకిందంటుంది. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న ఇంట్లోనూ తాయెత్తు కడతారు. చదువుకున్న మనవాళ్ళేమో, ధ్యానం చేయించండి అదే పోతుంది అంటారు. నా లెక్కలో రెండూ ఒకటే. రెండింటిలోనూ కారణం వెతకడం లేదు.

కారణం వెతకాలంటే ముందు ఒక ప్రశ్న అడగాలి. పిల్ల భయపడేది మనల్ని వదిలి ఉండడానికా, లేక అక్కడ ఉన్నదానికా? ఎవరైనా కొడుతున్నారా, కులం పేరుతో అంటున్నారా, ఒంటి మీద చెయ్యి వేస్తున్నారా? తిట్టకుండా, తొందరపెట్టకుండా, విడిగా కూర్చోబెట్టుకుని అడగండి. అలాంటిదుంటే అది చికిత్సతో పోయేది కాదు. పిల్లను ముందు అక్కణ్ణించి తప్పించాలి. పిల్లల సహాయానికి 1098 ఉంది.

అలాంటిదేమీ లేదనుకుందాం. ఏడుస్తోందని ఇంటికి తీసుకొస్తాం. వచ్చిన క్షణంలో భయం దిగిపోతుంది. దాంతో ఇంటికొస్తేనే ప్రాణం కుదుటపడుతుందని మనసు నేర్చుకుంటుంది. ఈసారి పంపేటప్పుడు భయం రెండింతలవుతుంది. పటిచ్చసముప్పాదం చదివినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది, ఒకటి ఉంటే ఇంకొకటి పుడుతుంది. గొలుసు ఎక్కడో ఒకచోట తెంచాలి. బలవంతంగా గేటు లోపలికి తోసేస్తే గొలుసు తెగదు.

థెరపీలో చేసేది చాలావరకు ఇదే. భయాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీస్తారు. ముందు పక్కింట్లో ఒక గంట. తర్వాత అమ్మమ్మ ఊళ్ళో ఒక రాత్రి. ఆ తర్వాత రెండు రాత్రులు, ఫోన్ రోజుకి ఒక్కసారే. ఒక్కో మెట్టు దగ్గరా భయం పెరిగి దానంతటదే తగ్గడం పిల్ల స్వయంగా చూస్తుంది. వచ్చి చూడు అన్నది ధమ్మం మాటే కదా! తల్లిదండ్రులకీ పని ఉంటుంది. గంటకోసారి ఫోన్ చేసి బాగున్నావా అని అడిగే తల్లి, తెలియకుండానే తన భయాన్ని పిల్లకి ఎక్కిస్తుంది. ఆనాపానసతి ఇక్కడ బాగా పనికొస్తుంది, శ్వాస నిలకడైతే మెట్టు ఎక్కడం తేలికవుతుంది. మెట్లు లేకుండా శ్వాస ఒక్కటే సరిపోదు. తీవ్రంగా ఉంటే మందులూ అవసరపడతాయి, అది డాక్టరు తేల్చాలి.

మండలాల్లో మానసిక వైద్యులు దొరకడం కష్టం. బస్సు ఛార్జీలు, పోయిన కూలి కలిపితే రెండోసారి వెళ్ళం. అందుకే ఫోన్‌లో, వీడియోలో చేసే థెరపీ మనలాంటివాళ్ళకి దారి. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం టెలి మానస్ మొదలుపెట్టింది. 14416కి చేస్తే రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. ప్రైవేటుగా వెళ్తే మాత్రం జాగ్రత్త. కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగినందుకు కోప్పడేవాళ్ళ దగ్గర మీకు పని లేదు.

ఇంటిపేరు, ఊరు చెబితే కులం తెలిసి చులకన చేస్తారేమో అన్న భయం మనలో ఉంది, అది ఊరికే పుట్టిన భయం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులం ఆధారంగా వివక్ష లేని వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది, చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచాలనీ అంది. చట్టం ఉన్నంత మాత్రాన మనుషులు మారరనుకోండి. కానీ ఆన్‌లైన్‌లో ఒక సౌకర్యం ఉంది. మాట తేడాగా అనిపిస్తే ఇంకొకరిని వెతుక్కోవచ్చు, దానికి ఇంకో ఊరు పోనక్కర్లేదు.

చచ్చిపోవాలనే మాటలు, తనని తాను గాయపరచుకోవడం, తిండి పూర్తిగా మానేయడం కనిపిస్తే ఫోన్ థెరపీ కోసం ఆగొద్దు. 108 పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఒకటే గది, ఒకటే ఫోన్ ఉన్న ఇంట్లో మనసు విప్పి మాట్లాడేది ఎలాగ అని చాలామంది అడుగుతారు. డాబా మీద, చేను గట్టున కూర్చుని ఇయర్‌ఫోన్స్‌తో మాట్లాడొచ్చు. పిల్ల చిన్నదైతే మొదట కాసేపు తల్లి పక్కన ఉండాలి, తర్వాత బయటికి వెళ్ళాలి. మీ ఊళ్ళో బుద్ధ విహారం ఉంటే కమిటీవాళ్ళు వారంలో ఒక గంట ఒక గది తలుపు వేసి ఇవ్వచ్చు. లోపల ఎవరున్నారు, ఏం మాట్లాడారు అని తర్వాత ఎవరూ అడగకూడదు.