రేడియోలో పండుగ పాట

బతుకమ్మ పాట ఒక్కరే పాడేది కాదు. ఒకరు ఎత్తుకుంటే చుట్టూ తిరిగేవాళ్లు 'ఉయ్యాలో' అని అందుకోవాలి. ఆ పాట రేడియోకెక్కితే ఏమవుతుంది?

పల్లెపాటలను రేడియో శ్రోతలకు దగ్గర చేసినవాళ్లలో వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్లు ముందుంటారు. సీతగారు తర్వాత హైదరాబాదు ఆకాశవాణిలో జానపద సంగీత ప్రొడ్యూసరుగా పనిచేశారు. ఆ కేంద్రం మనకు పరాయిదేం కాదు. 1935లో మొదలైన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసేనాటికి మన బీదరు కూడా హైదరాబాదు రాష్ట్రంలోనిదే.

రేడియోలో పూలు కనబడవు, తిరిగే అడుగులు కనబడవు. మిగిలేది గొంతూ, వంతా. అయినా మా అవ్వకు అంతే చాలు. దసరా ముందర ఆ పాటలు వస్తుంటే జొన్నరొట్టెలు కొడుతూనే 'ఉయ్యాలో' అని రేడియోకు బదులిచ్చేదట. ఇంట్లోవాళ్లు నవ్వేవాళ్లట! అవ్వ మాత్రం వంత తప్పనిచ్చేది కాదు. రేడియోలో పాడేవాళ్లను వినడమంటే ఆమె లెక్కలో వాళ్లతో తిరగడమే.

పోయినేడు మా హాస్టల్లో పెద్ద స్పీకరు పెట్టి, ఫోన్లో పాటలు వేసి ఆడినం. అడుగులు బాగానే పడ్డయి. 'ఉయ్యాలో' మాత్రం ఎవ్వరం అనలేదు, అది పాటలోనే ఉంది కదా అని. మధ్యలో కరెంటు పోయింది. ముప్పైమందిమి ఎక్కడోళ్లం అక్కడ నిలబడిపోయినం.