మంచి, చెడు, మహనీయత

మంచిని, చెడును ఉర్దూలో నేకీ, బదీ అంటారు. మహనీయతకు అజ్మత్ అని పేరు. ఈ మూడవ మాటను మనం మిక్కిలి తేలికగా వాడుతున్నాము. వేలమందిని కూడగట్టిన ప్రతివానినీ గొప్పవాడంటాము. ఆ లెక్కన 1948లో హైదరాబాదు సంస్థానంలో రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీని మించిన గొప్పవాడు లేడు!

ఉప్పల్, నాచారం విద్యార్థులు నిత్యం తిరిగే దారులు ఈ చరిత్రకు దూరమైనవి కావు. ఉప్పల్ నుండి తూర్పుగా వరంగల్లు మార్గాన పోతే బీబీనగర్. అక్కడ 1948 జనవరిలో జరిగిన దోపిడీ కేసులో రజ్వీకి తరువాత ఏడేండ్ల శిక్ష పడింది. పడమరగా అంబర్‌పేట దాటితే కాచిగూడ. అక్కడ నివసించినవాడే ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్.

సంస్థానం భారత యూనియన్‌లో చేరవలెనని ఆయన వ్రాసేవాడు. అదే కోరిన ఏడుగురు ముస్లిం ప్రముఖుల ప్రకటనను 1948 ఆగస్టులో తన పత్రికలో అచ్చువేశాడు. ఎదిరించి వ్రాసే చేతులు తెగిపడతాయన్న బెదిరింపు అప్పటికే బహిరంగంగా వినవచ్చింది. అయినా కలం ఆగలేదు. ఆగస్టు 21 అర్ధరాత్రి పని ముగించుకొని ఇంటికి వస్తుండగా దుండగులు ఆయనను కాల్చి, చేయి నరికారు. అడ్డుపడిన బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ చేయి కూడా తెగింది. తెల్లవారేసరికి షోయబుల్లా కన్నుమూశాడు. అప్పటికాయనకు ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు.

ఎవరికీ కీడు తలపెట్టక ఇంటిపట్టున ఉన్నవారు ఆ నగరంలో ఎందరో. వారిది మంచితనం కాదనను. కాని చెడు తన పేరుతో రాదు. ఆనాడు అది మతరక్షణ అనే పేరుతో వచ్చింది. అట్టివేళ పరాయివారి తప్పును ఎత్తిచూపుట సులభం. తనవారి తప్పును, వారి భాషలోనే, వారు చదివే పత్రికలోనే, ఫలితం తెలిసియుండి చెప్పుట వేరు. అజ్మత్ అనే మాట నా దృష్టిలో ఇక్కడ సార్థకమైంది.

సెప్టెంబరు 18న సంస్థాన సైన్యం లొంగిపోయింది. చెడు మాత్రం లొంగలేదు, వేషం మార్చుకొంది. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలు సైతం ప్రతీకారానికి బలియైనారు. పోలీసు చర్య కాలంలోను, ఆ తరువాతను 27,000 నుండి 40,000 మంది ప్రాణాలు కోల్పోయినారని పండిత సుందర్‌లాల్ సంఘం అంచనా వేసింది. ఆ నివేదికలోనే మరొక సంగతి ఉన్నది, దానిని తక్కువమంది చెప్పుకొంటారు. కొన్ని ఊళ్లలో హిందూ నేతగాండ్రు తోటి ముస్లిం నేతగాండ్రకు అడ్డుగా నిలిచి, వారిని కాపాడుటలో తామే ప్రాణాలిచ్చారు.