బుల్లితెర రచ్చబండ

పాఠ్యభాగ ఉద్దేశం

కుటుంబ కలహాలను బుల్లితెరకెక్కించే పగటివేళ చర్చా కార్యక్రమాలు ప్రజలను ఎందుకు ఆకర్షిస్తున్నాయో, సమాజంపై వాటి ప్రభావం ఎట్టిదో తెలియజెప్పడం, చూచిన దానిని విచక్షణతో పరిశీలించే అలవాటు కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ: వ్యాసం

పాఠ్యభాగం

అనకాపల్లి జిల్లాలోని నాతవరం, తాండవ జలాశయం నీటితో పంటలు పండే మండలం. ఇటువంటి పల్లెసీమలలో పూర్వం తగవు వస్తే జనం రచ్చబండను ఆశ్రయించేవారు. చెట్టు చుట్టూ కట్టిన అరుగే వారికి న్యాయస్థానం. ఊరి పెద్దలు ఇరుపక్షాల మాట విని తీర్పు చెప్పేవారు. ఆ తీర్పులన్నీ ధర్మబద్ధమైనవని చెప్పలేము. కులబలం, ధనబలం అక్కడ చెల్లుబాటయ్యేవి. స్త్రీ నోరు విప్పడమే తప్పుగా ఎంచేవారు. అయినప్పటికీ ఆ రచ్చబండకు ఒక సుగుణం ఉండేది. తీర్పు చెప్పిన పెద్దమనిషి మరునాడు కూడా ఆ ఊరిలోనే ఉండేవాడు. తన మాట వలన ఆ కుటుంబం నిలిచిందో కూలిందో అతని కళ్లెదుటనే కనిపించేది.

కాలం మారింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమయింది. 1995లో ఈటీవీ, జెమినీ, 2005లో జీ తెలుగు వచ్చాయి. చానళ్లు పెరిగిన కొద్దీ రోజంతా ప్రసారాలు నింపవలసిన అవసరం ఏర్పడింది. ఆ అవసరం నుండి పుట్టిన ప్రక్రియలలో కుటుంబ తగవుల కార్యక్రమం ఒకటి. జీ తెలుగులో 'బతుకు జట్కా బండి', జెమినీలో 'రచ్చబండ' ఈ కోవకు చెందినవి. సినీనటి జీవిత మొదటిదానికి, రోజా రెండవదానికి వ్యాఖ్యాతలుగా వ్యవహరించారు. 'బతుకు జట్కా బండి' అనే పేరు కన్నడ కవి డి.వి.గుండప్ప పద్యంలోని మాట. కన్నడ జీ చానల్‌లో కూడా అదే పేరుతో కార్యక్రమం ప్రసారమయింది. తమిళంలో 2011లో ఆరంభమైన 'సొల్వదెల్లాం ఉణ్మై' ఇటువంటిదే. ఆ పేరుకు 'చెప్పేదంతా నిజం' అని అర్థం.

వీటిని జనం ఎందుకు చూస్తారు? పరుల కష్టం చూచి ఆనందించే గుణమే కారణమనడం తొందరపాటు. ఇంటి పనులు ముగించుకొని టీవీ ముందు కూర్చున్న ఇల్లాలికి తెరమీది స్త్రీ చెప్పే మాట తన మాటవలె వినిపిస్తుంది. తాగివచ్చి కొట్టే భర్త, కట్నం కొరకు వేధించే అత్తవారు, ఆస్తి వ్రాయించుకొని వెళ్లగొట్టిన కొడుకు ఆమెకు కొత్తవారు కారు. తాను ఎవరికీ చెప్పుకోలేని బాధను మరొకరు పదిమందిలో చెప్పగలిగారన్న ఊరట ఆమెకు కలుగుతుంది. గృహహింస నేరమనీ, దానికి 2005లో చట్టం వచ్చిందనీ కొందరు మొదట విన్నది ఇటువంటి కార్యక్రమంలోనే కావచ్చు. ఈ మేలును కాదనరాదు.

మరి అక్కడికి వెళ్లేవారు ఎందుకు వెళతారు? న్యాయస్థానంలో వాయిదాలకు తిరగాలి, న్యాయవాదికి ఫీజు ఇవ్వాలి, కూలి పని మానుకోవాలి. పోలీసు స్టేషన్ మెట్లెక్కాలంటే జంకు. చానల్‌లో అయితే ఒక్క పూటలో తేలిపోతుందని ఆశ. ఎవరూ పట్టించుకోని తన మాటను పేరున్న వ్యక్తి కూర్చుండి వింటారన్న ఆశ అంతకంటె బలమైనది.

అయితే కార్యక్రమం నడిచే తీరు వేరు. చానల్‌కు ఆదాయం ప్రకటనల ద్వారా వస్తుంది. ప్రకటనల ధరను ప్రేక్షకుల సంఖ్య నిర్ణయిస్తుంది. నిదానంగా సాగే రాజీ మాటలకంటె చెంపదెబ్బ ఎక్కువమందిని కట్టిపడవేస్తుంది. అందువలన ఒకరు మాట్లాడుతుండగా రెండవవారిని హఠాత్తుగా ప్రవేశపెడతారు. ఉద్రేకం పతాకస్థాయికి చేరగానే విరామం ప్రకటిస్తారు. కన్నీటికి నేపథ్య సంగీతం జోడిస్తారు. ఈ విధంగా బాధ సరుకుగా మారుతుంది. బాధపడినవారు ఆ సరుకునకు ధర కూడా అడగలేరు.

పరదేశాల అనుభవం మనకొక హెచ్చరిక. అమెరికాలో 1995లో ఒక చర్చా కార్యక్రమంలో, తనను రహస్యంగా ప్రేమిస్తున్నది ఎవరో ప్రేక్షకుల ఎదుట తెలుసుకొన్న వ్యక్తి, మూడు రోజులలో ఆ ప్రేమించినవానిని కాల్చి చంపాడు. బ్రిటన్‌లో 2005 నుండి నడచిన జెరెమీ కైల్ కార్యక్రమంలో పాల్గొన్నవారికి అబద్ధాలను పట్టే యంత్రంతో పరీక్షలు జరిపేవారు. ఆ పరీక్షలో విఫలుడయ్యాడని చెప్పిన ఒక వ్యక్తి కొద్ది రోజులకే మరణించగా, 2019 మే నెలలో ఐటీవీ సంస్థ ఆ కార్యక్రమాన్ని శాశ్వతంగా నిలిపివేసింది. మనదేశంలో 2018లో మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం 'సొల్వదెల్లాం ఉణ్మై' ప్రసారంపై తాత్కాలిక నిషేధం విధించింది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒప్పంద పత్రంపై సంతకం చేసిన తల్లిదండ్రులు తమ గోప్యతను తామే వదులుకున్నారని అనుకొందాం. వారి బిడ్డ సంగతి ఏమిటి? ఆ బిడ్డ ఏ పత్రంపైనా సంతకం చేయలేదు. తల్లి శీలాన్ని తండ్రి శంకించిన మాట, తండ్రిని తల్లి తిట్టిన తిట్టు తరగతిలో అందరూ విని ఉంటారు. నాడు ఒకసారి ప్రసారమై మరుగున పడేది. నేడు యూట్యూబ్‌లో నిలిచిపోతుంది. ఆ భార్యాభర్తలు రాజీపడి కాపురం చేసుకొంటున్నా, తెరమీది కొట్లాట మాత్రం ముగియదు. పదేళ్ల తరువాత కూడా ఎవరో ఒకరు దానిని చూచి నవ్వుతూనే ఉంటారు.

న్యాయం పొందడానికి ఆత్మాభిమానాన్ని మూల్యంగా చెల్లించనవసరం లేదు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం ఉభయపక్షాలలో ఏ ఒక్కరు కోరినా విచారణను గోప్యంగా జరపాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలు, బాలలు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. బుల్లితెర తీర్పునకు అటువంటి బలమేదీ లేదు. న్యాయసహాయానికి 15100, మహిళలకు 181, బాలలకు 1098 నంబర్లకు ఫోను చేయవచ్చు.

విద్యార్థులారా! ఇటువంటి కార్యక్రమం చూడవద్దని చెప్పినంత మాత్రాన ఎవరూ మానరు. చూచినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ ఎవరి మాట పూర్తిగా విన్నారు? ఈ కన్నీటి వలన లాభపడుతున్నది ఎవరు? కెమెరా ఆగిన తరువాత వీరికి తోడుగా నిలిచేది ఎవరు? పాత రచ్చబండ పెద్ద మరునాడు ఊరిలో కనిపించేవాడు. బుల్లితెర రచ్చబండకు మరునాడు మరొక కుటుంబం కావాలి. మన ఇరుగుపొరుగున బాధపడుతున్నవారికి తెరమీద చోటు కంటె, ఓర్పుతో వినే ఒక మనిషి, నమ్మదగిన ఒక దారి అవసరం. ఆ మనిషి మీరు కావచ్చు. ఆ దారి మీరు చూపవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

విచక్షణ = మంచిచెడులను వేరుచేసి తెలుసుకొనే శక్తి
కోవ = వరుస, తరగతి
ఊరట = ఉపశమనం
జంకు = భయం, సంకోచం
పతాకస్థాయి = ఉన్నతస్థాయి
మూల్యం = వెల

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. కుటుంబ తగవుల కార్యక్రమాల ఆకర్షణకు గల కారణాలను, వాటి వలన కలిగే మేలుకీడులను వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గ్రామంలోని రచ్చబండకు, బుల్లితెర రచ్చబండకు గల భేదాన్ని తెలపండి.
2. బాధ సరుకుగా మారుతుందని రచయిత అనడంలో ఆంతర్యమేమి?
3. ఇటువంటి కార్యక్రమాల వలన పిల్లలకు కలిగే నష్టమేమి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు ఏ సంవత్సరంలో తీర్పు చెప్పింది?
2. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ దేనితో సమానం?

IV. భాషాంశాలు
సంధి: ఆత్మాభిమానం = ఆత్మ + అభిమానం – సవర్ణదీర్ఘ సంధి
సమాసం: మేలుకీడులు = మేలును, కీడును – ద్వంద్వ సమాసం