పొట్ట కండలకు, నడుంకి కసరత్తు – పిలాటిస్



పిలాటిస్ అంటే ఒక మనిషి పేరు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీ దేశంలో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసంతో బక్కగా ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇంగ్లాండులో ఉన్నాడు. జర్మనీవాడని అతన్ని శిబిరంలో నిర్బంధించారు. అక్కడ తోటివాళ్ళకు కసరత్తు నేర్పాడు. 1920ల్లో న్యూయార్కు వెళ్ళి అక్కడా నేర్పించాడు. 1967లో చనిపోయాడు. ఇప్పుడు పట్నాల్లో దీనికి పెద్ద పెద్ద యంత్రాలున్నాయి గానీ మనకి చాప చాలు.

నడుం దగ్గర వెనకాల వెన్నెముక ఉంది. ముందు పొట్ట దగ్గర ఎముకే లేదు, అన్నీ కండలే. వాటిల్లో బాగా లోపలి కండ, అమ్మవాళ్ళు పనికెళ్ళేటప్పుడు నడుంకి బిగించే గుడ్డలాగ అడ్డంగా చుట్టుకుని ఉంటుంది. పొట్ట మీద చెయ్యి పెట్టి దగ్గి చూడండి, బిగుస్తుంది. కట్టెల మోపుతో కొండ దిగినా, బిందెతో గట్టెక్కినా వెన్నుకి ఆసరా ఇచ్చేవాటిలో అదొకటి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా మనలాగే గురుకులంలో చదివిన గిరిజన అమ్మాయి. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు నిండలేదు. అంత కొండ ఎక్కాలంటే కాళ్ళొక్కటే సరిపోవు, నడుం కూడా నిలబడాలి.

ఇదంతా చెప్తే మా అమ్మ నవ్వింది. "నాకు కసరత్తేటి, ఊళ్ళోకి కుళాయి రావాలి గానీ" అంది. అదీ నిజమే. మోసి మోసి అరిగిన నడుంకి ముందు బరువు తగ్గాలి. మన సంగతి వేరు. మనం గంటలకొద్దీ నేలమీద వంగి కూర్చుని రాస్తాం.

మొదలుపెట్టే విధానం: వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవాలి. పాదాలు నేలమీద ఉండాలి. ముక్కుతో గాలి పీల్చి, మెల్లగా వదులుతూ బొడ్డుని లోపలికి లాగాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఇలా 5 సార్లు. మొదటి వారం ఇంతే. చూడ్డానికి ఏమీ చెయ్యనట్టే ఉంటుంది, కానీ ఇదే అసలైనది. రెండో వారం, గాలి వదులుతూ ఒక్కో పాదం పైకెత్తి దించాలి. నడుం నేలమీంచి విల్లులాగ లేచిందంటే పొట్ట వదిలేసిందన్నమాట, అక్కడితో ఆపెయ్యాలి. తరవాత వంతెన. పాదాలు నొక్కి తుంటి పైకెత్తి 10 లెక్కపెట్టాలి.

మెడ వెనక చేతులు పెట్టి, మెడని లాగుతూ యాభైలు, వందలు లేవడం పందెం కాదు. దానితో మెడ నొప్పి వస్తుంది. పొట్ట కసరత్తు చేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందన్న మాట కూడా నిజం కాదు. అందుకని రాత్రి అన్నం మానేసేవాళ్ళు దయచేసి మానకండి. రక్తం తక్కువున్నవాళ్ళు ఐరన్ మాత్రలు వేసుకోండి, కళ్ళు తిరిగితే మేడంకి చెప్పండి. తిన్న వెంటనే చెయ్యకూడదు. నెలసరి రోజుల్లో నొప్పిగా ఉంటే వదిలెయ్యొచ్చు.

డార్మెటరీలో ట్రంకు పెట్టెల మధ్య కాళ్ళు చాపే చోటు లేదు. కాబట్టి లేచే గంట అయ్యాక పావుగంట వరండా ఇప్పించమని మేడం గారికి మా విజ్ఞప్తి. ఇప్పటికి అయిదుగురం ఉన్నాం. ఎవరి చాప వాళ్ళే తెచ్చుకోవాలి.